నల్గొండ, పాలమూరు వైపు ఫోటోలు: వానల దాకా ఆగాలా?

మూసీ ఒడ్డు: ఉండేది నల్గొండలో. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాను, దాంతో వచ్చిన మామూలు 18-55 లెన్స్ (దూరపువి దగ్గరగా చూపించదు) తప్ప ఇంకేం లేదు. తీరిక దొరికేది ఆదివారమే. చుట్టుపక్కల ప్రకృతి ఫోటోలకు ఎటు వెళ్లొచ్చు? ఎవరిని అడిగినా "వానలు పడనీ" అంటున్నారు. అప్పటిదాకా కెమెరాను బీరువాలో పెట్టుకోవాలా?

నల్లమల నడక: ఆగడమే మంచిది తమ్ముడూ. మే నెలలో నల్లమల అడవిలో మన్ననూర్ దాటితే మోడు చెట్లు, పొగలాంటి మసక. అదే వానలు పడ్డాక ఫరహాబాద్ వ్యూపాయింట్ నుంచి చూడు, కొండల మీద మబ్బులు పాకుతుంటాయి. మల్లెలతీర్థంలో నీళ్లు పాలధారలా రావాలంటే షట్టర్ అర సెకను దాకా తెరుచుకుని ఉండేలా వేగం తగ్గించాలి, కాబట్టి ట్రైపాడ్ తప్పదు. మబ్బు పట్టిన రోజే వెళ్లు, ఎండలో నీళ్లు వివరం లేకుండా మరీ తెల్లగా వచ్చేస్తాయి. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్) ఒకటి కొనుక్కుంటే తడి బండల మీద మెరుపు తగ్గి ఆకుపచ్చ నిండుగా వస్తుంది. డ్రోన్ మాత్రం తీసుకుపోవద్దు, అది టైగర్ రిజర్వ్. శ్రీశైలం రోడ్డులో అడవి భాగం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. తెల్లవారుజాము వెలుగు కావాలనుకుంటే ముందురోజే చేరుకోవాలి.

పాలమూరు పిట్ట: అన్నా, ఈ "వానలు పడనీ" మాట వినీ వినీ విసుగొచ్చింది. మన నేల అసలు మొహం చూపించేది ఎండాకాలంలోనే. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తుంది, ఆకు రాలిన కొమ్మ మీద పువ్వొక్కటే ఉంటుంది. ఆ ఫోటో వానాకాలంలో ఎక్కడ దొరుకుతుంది? సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ తగ్గేకొద్దీ ఒడ్డంతా పగుళ్లిచ్చిన ఒండ్రు, గట్ల మీద నీటిమట్టం గీతలు బయటపడతాయి. అవతలి ఒడ్డున, ఆంధ్ర వైపు, సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉంటుంది. మట్టం బాగా పడిపోయినప్పుడే తేలుతుంది. అలాంటి చోటికి 18-55 చాలు. కాకపోతే ఎనిమిది దాటితే వెలుగు పనికిరాదు, పొద్దున ఆరుకే అక్కడ ఉండాలి.

నల్లమల నడక: మోదుగ సంగతి ఒప్పుకుంటాను. పగుళ్ల నేల ఫోటోలే ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి.

పాలమూరు పిట్ట: జలపాతం ఫోటోలు తక్కువున్నాయా అన్నా 😀

గేట్ల పిచ్చి: మీ ఇద్దరి మధ్యలో నా సంగతి. నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లెత్తడానికి మన దగ్గర వానతో పనిలేదు. పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో దంచి కొడితే ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం వరసగా నిండి ఆ నీళ్లు ఇక్కడికొస్తాయి. అందుకే నేను వాతావరణ సూచన చూడను, పేపర్లో ఇన్‌ఫ్లో క్యూసెక్కులు చూస్తాను. శ్రీశైలం గేట్లెత్తారంటే బ్యాగు సర్దుకోవడమే. సాగర్ మొత్తం 26 గేట్లూ ఎత్తినప్పుడు దిగువ బ్రిడ్జి దాకా తుంపర కొడుతుంది, లెన్స్ తుడుచుకునే గుడ్డలు ఎక్కువే పెట్టుకో. ఆదివారం మాత్రం జాతరే, వీలైతే మామూలు రోజున సెలవు పెట్టు. వనపర్తి వైపు సరళాసాగర్ ప్రాజెక్టు ఇంకో వింత. అక్కడ సైఫన్లు ఉంటాయి, నీటిమట్టం నిండితే ఎవరూ ఎత్తకుండానే వాటంతట అవే పారతాయి.

బస్సు కిటికీ: నాకు కెమెరా కూడా లేదు, ఫోనే. నల్గొండలో ఉండి పానగల్లు వదిలేసి ఎక్కడెక్కడో తిరగడమెందుకు? అక్కడి ఉదయసముద్రం చెరువు ఏఎంఆర్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లతో నిండుతుంది కాబట్టి ఎండల్లోనూ నీళ్లుంటాయి, పక్షులూ ఉంటాయి. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం నీడ పొద్దుతోపాటు కదలదు. బయటి వెలుగు నేరుగా పడకుండా స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి రావడమే కారణం. ఎదురుగా ఆ నీడనిచ్చే స్తంభం ఒక్కటే ఉంటుందనుకుని చాలామంది దానికోసం వెతుకుతారు. లోపల చీకటి, ఫ్లాష్ కొడితే నీడే పోతుంది. గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి తీయాలి.

మూసీ ఒడ్డు: పిట్టల ఫోటోలు 55తో వస్తాయా అక్కా?

బస్సు కిటికీ: కొంగలు చుక్కల్లా కనిపిస్తాయి. గిజిగాళ్లకు మాత్రం వెళ్లొచ్చు. జూన్, జులైలో వ్యవసాయ బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు గూళ్లు వేలాడుతుంటాయి. అల్లేది మగ పిట్టే, ఆ రోజుల్లో దాని తల పసుపు పచ్చగా మెరుస్తుంది. నచ్చితేనే ఆడది లోపలికి పోతుంది. బావి గట్టున కదలకుండా కూర్చుంటే మనల్ని పట్టించుకోవు. రైతును ముందు అడుగు. గూడు ఎక్కడుందో లొకేషన్‌తో సహా పోస్ట్ చేయకు.

పాలమూరు పిట్ట: ఈ మాట కృష్ణ, మాగనూరు మండలాల వైపు కృష్ణజింకల కోసం వెళ్లేవాళ్లకూ చెప్పాలి. మనకు అందమైన ఫ్రేము, రైతుకు మేసేసిన పంట. చేన్లో దిగి తరిమితే ఎవరైనా తిడతారు.

నల్లమల నడక: నల్లమలలో చెంచు పెంటల్లోనూ (చెంచుల గూడేల్లోనూ) అంతే. కారు దిగీ దిగగానే ముసలమ్మ మొహం మీదికి లెన్స్ పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అడగండి, వద్దంటే మానేయండి.

మూసీ ఒడ్డు: సరే, ఈ ఆదివారం పానగల్లు, ఆ తర్వాత సోమశిల. బండి లేదు, సోమశిలకు బస్సు దొరుకుతుందా?

పాలమూరు పిట్ట: కొల్లాపూర్ దాకా బస్సులో వెళ్లి అక్కడ ఆటో మాట్లాడుకో. శనివారం రాత్రి కొల్లాపూర్‌లోనే ఉండిపో, లేకపోతే ఆరింటికి ఒడ్డు చేరలేవు.