పోకర్‌లో ఎదుటివాడు రివర్‌లో (చివరి ముక్క పడ్డాక) ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ) కొట్టాడు, కాల్ చేయడం (నేనూ అంతే వేయడం) తప్పా?

హన్మకొండ పోరడు: అన్నా, నిన్న దోస్తులతో ఉత్త చిప్స్ టేబుల్ (2017 నుంచి మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడుడు బందే కదా). నా చేతిలో ఆటీన్ ఆసు, డైమన్ రాణి. ఫ్లాప్‌లో (టేబుల్ మీద అందరికీ కలిపి పడే మొదటి మూడు ముక్కల్లో) కళావర్ రాణి, ఆటీన్ ఎనిమిది, ఆటీన్ ఐదు. పాట్ (మధ్యలో చేరిన చిప్స్) 700, నేను 350 వేస్తే ఎదుటివాడు కాల్ చేశాడు. టర్న్ (నాలుగో ముక్క) ఇస్పేట్ రెండు, 900 వేశా, మళ్లీ కాల్. రివర్‌లో ఆటీన్ తొమ్మిది పడగానే వాడే ముందు 3,200 ఆల్ ఇన్, పాట్‌లో ఉన్నదీ అంతే. టైమర్ తిరుగుతుంటే టెన్షన్‌లో కాల్ నొక్కేశా. 7-6 చూపించాడు, ఐదు నుంచి తొమ్మిది దాకా స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు), నా రాణుల జత ఓడింది.

కాజీపేట జంక్షన్: 3,200 పెడితే మొత్తం 9,600, మూడింట ఒకసారి గెలిస్తే చాలు. పైగా ఆటీన్ ఆసు నీ దగ్గరే, వాడికి అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) రాదు. నేనైనా కాలే.

రాత్రి షిఫ్ట్: ఆసు సంగతి సరే, ఆ తొమ్మిది పడ్డాక కుదరక మిస్సయ్యింది ఏముంది చెప్పు? 7-6 స్ట్రెయిట్, జాకీ-పది స్ట్రెయిట్, ఆటీన్లు ఫ్లష్, అన్నీ కుదిరాయి. బ్లఫ్ (ఉత్త చేతితో బెదిరింపు) కొట్టడానికి వాడి దగ్గర ఇంకేం మిగిలిందని! అదే రివర్‌లో కళావర్ మూడు పడి ఉంటే కళ్లు మూసుకుని కాల్ చేసేవాణ్ని. ఇక్కడ ఫోల్డే (ముక్కలు పడేయడమే). ఇంతకీ వాడు బ్లఫ్ కొట్టే రకమేనా?

హన్మకొండ పోరడు: మా బామ్మర్దే అన్నా. ఏడాదిగా ఆడుతున్నాం, ఒక్కసారి కూడా కొట్టలేదు.