మలేషియా నుంచి నెల రోజులు పని: కేఫ్ బెటరా, కోవర్కింగ్ బెటరా?

పటమట_కుర్రోడు: నవంబర్‌లో కౌలాలంపూర్ వెళ్తున్నా, లీవ్ పెట్టట్లేదు, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కణ్నుంచే పని. ఇంట్లో అయితే క్లయింట్ కాల్ మధ్యలో అమ్మ వచ్చి "గ్యాస్ బండ వచ్చింది, ఓటీపీ చెప్పరా" అంటది. ఎక్కడ కూర్చుంటే మంచిది? కేఫా, డెస్క్ అద్దెకిచ్చే కోవర్కింగా?

బ్రాడీపేట 4/14: కేఫ్ జోలికి పోకు తమ్ముడూ. నేను బ్యాంకాక్‌లో చూశా, వీపు ఆనించడానికి లేని చెక్క స్టూలు, ఒక్కటే ప్లగ్ అదీ బాత్రూమ్ పక్కన, పాలు నురగొట్టే మిషన్ మోతకి క్లయింట్ "వంటింట్లో ఉన్నావా" అన్నాడు. ఇంతకీ నీ షిఫ్ట్ ఏంటి? యూఎస్ షిఫ్ట్ అయితే మన సాయంత్రం ఆరున్నర అక్కడ రాత్రి తొమ్మిది, ఇక కేఫ్ ఎక్కడిది.

పటమట_కుర్రోడు: జనరల్ షిఫ్టే అన్నా. మన తొమ్మిదిన్నర అక్కడ పన్నెండు, పొద్దున్నే బటు కేవ్స్ 272 మెట్లు ఎక్కి మురుగన్ దర్శనం చేసుకొచ్చి లాగిన్ అవ్వొచ్చు

గవర్నర్‌పేట_ఫిల్టర్‌కాఫీ: నేను పెనాంగ్‌లో నెలంతా కేఫ్‌లోనే చేశా, ఏమీ కాలేదు. నీ నడుంనొప్పికి దేశాలన్నీ తిడితే ఎట్లా గురూ.

సత్యనారాయణపురం_అక్క: అడాప్టర్ మర్చిపోకు బాబూ, మన ప్లగ్ పట్టదు, అక్కడివి పలక పిన్నులు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగితే అరిటాకు భోజనం దొరుకుతుంది.

బ్రాడీపేట 4/14: నడుంనొప్పి కాదు, కుర్చీ అంటున్నా. ఎనిమిది గంటలు స్టూలు మీద కూర్చుని అప్పుడు చెప్పు.

గవర్నర్‌పేట_ఫిల్టర్‌కాఫీ: మళ్లీ కుర్చీ! పెళ్లిచూపులకి వచ్చినోడిలా కుర్చీ చూస్తావేంటి

బ్రాడీపేట 4/14: సరే కుర్చీ వదిలేయ్. తమ్ముడూ, మేనేజర్‌కి చెప్పావా? వీసా లేకుండా ఇచ్చే 30 రోజులు టూరిస్టులకి, బయటి కంపెనీ పని అక్కడ కూర్చుని చేసుకునేవాళ్లకి డీఈ రాంటావ్ అని పాస్ 2022లోనే పెట్టారు.

గవర్నర్‌పేట_ఫిల్టర్‌కాఫీ: అడిగితే ఏ మేనేజర్ ఒప్పుకుంటాడు? పని టైముకి అయితే చాలు, ఎక్కడ కూర్చున్నాడో వాళ్లకెందుకు.

బ్రాడీపేట 4/14: ఎందుకా? మా టీమ్‌లో ఒకడు నీలాగే చెప్పకుండా బాలి వెళ్లి లాగిన్ అయ్యాడు, వేరే దేశం అని ఐటీ వాళ్లకి అలర్ట్ కొట్టింది, వాడు వేరే కంపెనీకి జంప్, మిగతా 11 మందికీ వర్క్ ఫ్రమ్ హోమ్ పీకేశారు. నాన్నని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లేది నేను. ఇప్పుడు నేను హైదరాబాద్ పీజీలో, అమ్మ ఆటో మాట్లాడుకుని తీసుకెళ్తోంది. వాళ్లకెందుకు అంట.

పటమట_కుర్రోడు: అన్నా… మేనేజర్‌కి మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టా. రేపు పంపిస్తా.

గవర్నర్‌పేట_ఫిల్టర్‌కాఫీ: ఇది ముందే చెప్పొచ్చుగా గురూ, రెండు రోజుల్నుంచి కుర్చీ కుర్చీ అని తిన్నావ్.

బ్రాడీపేట 4/14: కుర్చీ కూడా బాలేదు.