లిస్బన్‌కి కొత్తగా వస్తున్నాను, ఇక్కడి పెద్దవాళ్లలో ఎవరెవరి గురించి తెలిసుండాలి?

కొత్త సభ్యుడు, విజయవాడ:
అందరికీ నమస్కారం. వచ్చే నెల లిస్బన్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. మొన్న కొత్త టీమ్‌తో వీడియో కాల్‌లో కబుర్లు నడుస్తుంటే యుసేబియో, పెసోవా, సల్గైరు మయా అని వరసగా పేర్లు వచ్చాయి. నాకు తెలిసింది రొనాల్డో ఒక్కడే. బయల్దేరేలోపు ఎవరెవరి గురించి చదువుకుంటే మంచిది? ఆటలు, రాజకీయం, సాహిత్యం, సైన్సు, ఏదైనా సరే. పెద్దలు చెప్పగలరు.

అర్రోయుష్ అన్న, లిస్బన్, 2009 నుంచి:
తమ్ముడూ, ముందు నిఫ్ నంబరు సంగతి చూసుకో. తొమ్మిది అంకెలుంటాయి, పన్ను ఆఫీసు వాళ్లిస్తారు. అది లేకపోతే అద్దె కాగితం మీద నీ పేరు ఎక్కదు.

ఇక పేర్లంటావా, పుస్తకం అక్కర్లేదు. ఈ దేశం తన పెద్దవాళ్లందరినీ రోడ్ల మీదే రాసిపెట్టుకుంది. నువ్వు దిగే విమానాశ్రయం పేరు ఉంబెర్తు దెల్గాదు. సలజార్ నియంతృత్వానికి ఎదురు నిలిచి 1958లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన జనరల్. గెలిస్తే సలజార్‌ని ఏం చేస్తారని విలేకరి అడిగితే, ఇంకేముంది, తీసేస్తాను అన్నాడు. ఆ ఒక్క మాటకి దేశమంతా ఉలిక్కిపడింది. 1965లో స్పెయిన్ సరిహద్దు దగ్గరికి రప్పించి రహస్య పోలీసులు చంపేశారు. రేపు నీ సామాను కోసం బెల్టు దగ్గర నిలబడేది ఆయన పేరు మీదున్న చోటే.

కందిపప్పు, చింతపండు కోసం మార్తిం మునీష్ మెట్రో స్టేషన్‌లో దిగుతావు. 1147లో ఈ ఊరి కోటను ముట్టడించినప్పుడు తలుపు మూసుకోకుండా తన ఒంటినే అడ్డం పెట్టి చనిపోయిన యోధుడని కథ చెప్తారు. అక్కణ్ణుంచి పైకి వెళ్లే పెద్ద రోడ్డు అల్మిరాంతె రేయిష్. ఆ పేరుతో నేను పడ్డ పాట్లు చెప్పాలి, నీకు పనికొస్తుంది.

2010లో నది అవతల గది తీసుకున్నాను. రోడ్డు పేరు కాందిదు దుష్ రేయిష్. ఇంటాయన ఎప్పుడు మాట్లాడినా "అడ్మిరల్ గారి వీధి" అనేవాడు. నేను ఆ మాటే పట్టుకుని రెసిడెన్సీ ఫారంలో అల్మిరాంతె రేయిష్ అని రాసేశాను. రెండు పేర్లూ ఒక్క మనిషివే, కానీ రోడ్లు వేరు, ఊళ్లూ వేరు. కౌంటర్లో ఉన్నావిడ పిన్‌కోడ్ చూడకుండా లిస్బన్ అడ్రసు ఎక్కించింది. నా ఉత్తరం ఇక్కడికొచ్చి, అలాంటి మనిషి లేడని తిరిగి వెళ్లిపోయింది. ఆఫీసుకి వెళ్తే, చెప్పిన చోట మీరు ఉండటం లేదని ఫైలు పక్కన పెట్టారు. ఇంటాయన్ని వచ్చి ఒక్క మాట చెప్పమని బతిమాలాను. రానన్నాడు. ఎందుకో తర్వాత తెలిసింది, కాంట్రాక్టు పన్ను ఆఫీసులో నమోదే చెయ్యలేదు. ఆరు వారాలు పనికి సెలవు పెట్టుకుని తిరిగాను. ఇంట్లో మా ఆవిడ ఏడో నెల.

చివరికి కాపాడింది జుంటా, అంటే మన వార్డు ఆఫీసులాంటిది. అక్కడ ఓటున్న ఇద్దరు సాక్షి సంతకం పెడితే నివాస ధ్రువపత్రం ఇస్తారు. కింద కూరగాయల కొట్టావిడ, పక్కింట్లో ఉండే రిటైరైన పడవ ఉద్యోగి వచ్చారు. ఆ పెద్దాయన దారిలో ఆగి, గోడ మీద పలక మీదున్న పేరును గోటితో కొట్టి చూపించాడు. "1910 అక్టోబరులో రాజు మీద తిరుగుబాటు నడిపించింది ఇతనే. అంతా విఫలమైందనుకుని 4వ తారీఖు తెల్లారేసరికి ప్రాణం తీసుకున్నాడు. 5న రిపబ్లిక్ వచ్చేసింది. ఒక్క రోజు ఆగలేదయ్యా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వందేళ్ల నాటి మనిషి కోసం. అప్పట్నుంచీ కొత్త వీధిలోకి వెళ్తే ముందు పలక చదువుతాను.

పోర్తు నుంచి, క్యాబ్ నడుపుత, మాది వరంగల్:
అన్నా, కాంట్రాక్టు సంగతి పూర్తిగ చెప్పు. నమోదు చేసేది ఇంటాయన పని, స్టాంపు పన్ను కట్టేది గూడ ఆయనే, నెల అద్దెల పదో వంతు. తమ్మి, ఆ పైసలు నిన్ను అడిగితె ఇయ్యకు. ప్రతి నెల రసీదు తీస్కో.

పేర్లంటె మాత్రం మొదలు యుసేబియోనే. పుట్టింది మొజాంబిక్‌ల, అప్పుడది వీళ్ల వలసరాజ్యం. 1966 ప్రపంచ కప్పుల ఉత్తర కొరియా మీద 0-3తోటి వెనకబడ్డంక ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టిండు, 5-3తోటి గెలిచిన్రు. ఆ టోర్నీల మొత్తం తొమ్మిది గోల్స్, అందరికన్న ఎక్కువ. 2014ల పోతే మూడు రోజులు సంతాపం. పడ్డ టీమును లేపుడంటె గదే. రొనాల్డో గొప్పోడే, కాదంటలేను, కని ఆయన ఎన్క వీళ్ల ముసలోళ్లు గిట్ల ఏడ్వరు.

అర్రోయుష్ అన్న:
తమ్ముడూ, యుసేబియోని నేనెప్పుడు కాదన్నాను? కానీ 2016 యూరో ఫైనల్ రాత్రి నేను వీధిలో ఉన్నాను. రొనాల్డో దెబ్బ తగిలి ఏడుస్తూ బయటికెళ్లాడు, ఆ తర్వాత కుంటుకుంటూ గీత పక్కన నిలబడి కోచ్ కన్నా ఎక్కువగా అరిచాడు. 109వ నిమిషంలో ఎదెర్ కొట్టాడు, ఫ్రాన్స్ ఓడింది. మదీరా దీవిలో పేదింట్లో పుట్టి, పన్నెండేళ్లకే ఇల్లొదిలి లిస్బన్‌కి వచ్చిన పిల్లవాడు. ఇల్లొదిలి వచ్చినవాళ్లకి అతను బాగా అర్థమవుతాడు.

ఆల్మడా అక్క, నర్సుని:
మీ ఇద్దరికీ ఫుట్‌బాల్ తప్ప ఆటలే లేవా? బాబూ, ఈ దేశానికి మొదటి ఒలింపిక్ బంగారం తెచ్చింది మారథాన్. 1984 లాస్ ఏంజెలెస్‌లో కార్లుష్ లోపెష్, అప్పటికి 37 ఏళ్లు. పోటీకి కొద్ది రోజుల ముందే కారు గుద్దింది, అయినా 2 గంటల 9 నిమిషాల 21 సెకన్లలో పూర్తి చేశాడు. 2008 దాకా ఒలింపిక్స్‌లో ఆ టైమును ఎవరూ దాటలేదు. అదే ఏడాది ఆడవాళ్ల మారథాన్‌లో రోజా మోతాకి కాంస్యం, 1988 సియోల్‌లో బంగారం. చిన్నప్పుడు ఆస్తమా ఉన్న పిల్ల. మా వార్డులో అరవై దాటిన ఆడవాళ్లు ఆవిడ పేరెత్తితే మంచం మీద లేచి కూర్చుంటారు. రాత్రి డ్యూటీలో నేను కళ్లారా చూశాను.

సైన్సు గురించి ఎవరూ చెప్పలేదు. ఎగాష్ మొనీష్. 1927లో మెదడు రక్తనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో కనిపించేలా చేసింది ఈయనే. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఆ పరీక్షతోనే ఎక్కడ మూసుకుపోయిందో పట్టుకున్నారు. ఆ రోజు డాక్టరుగారి చేతిలో ఫిల్ము చూసినప్పుడు ఈయన పేరు నాకు తెలియదు.

కోయింబ్రా, చరిత్రలో పీహెచ్‌డీ:
అక్కా, ఆయనకి 1949లో నోబెల్ ఇచ్చింది దానికి కాదు. మానసిక రోగులకి మెదడు ముందు భాగంలో నరాలు కత్తిరించే ఆపరేషన్‌కి. ఎన్ని జీవితాలు మొద్దుబారిపోయాయో. ఆ బహుమతి వెనక్కి తీసుకోమని రోగుల కుటుంబాలు అడిగాయి. కొత్తగా వచ్చే కుర్రాడికి ఆ సగం కూడా చెప్పాలి.

ఆల్మడా అక్క:
చెప్పు, తప్పు లేదు. ఆ ఆపరేషన్‌ని నేనూ సమర్థించను. కానీ ఆంజియో చేసిన చేయి కూడా ఆ చేయే. నోబెల్ దానికే ఇవ్వాల్సింది.

కోయింబ్రా, చరిత్రలో పీహెచ్‌డీ:
దాన్లో నాకూ పేచీ లేదు.

నా వంతుగా ఒక మాట. తెలుగువాడు పోర్చుగల్‌కి వస్తూ ముందు తెలుసుకోవాల్సిన పేరు దొమింగు పాయిష్. 1520 ప్రాంతంలో విజయనగరం చూసి రాసినవాడు. కృష్ణదేవరాయలు మధ్యస్థమైన ఎత్తు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు, తెల్లారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించి, చెమట పట్టేదాకా కసరత్తు చేస్తాడు, ఆ తర్వాత గుర్రం ఎక్కుతాడు అని కళ్ల ముందు పెట్టినట్టు చెప్పాడు. ఊరు రోమ్ అంత ఉందన్నాడు. తర్వాత పదిహేనేళ్లకి గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిష్ ఇంకో వృత్తాంతం రాశాడు. ఈ రెండూ 1897లో లిస్బన్‌లో అచ్చయ్యాయి. రాయలు అమ్మవారి మచ్చలున్న మనిషని మనకి తెలిసింది ఒక పోర్చుగీసువాడి వల్ల. ఆ వాక్యం మొదటిసారి పాత పోర్చుగీసులో చదివిన రోజు నేను లైబ్రరీలోంచి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

పోర్తు నుంచి:
మంచిగనే ఉంది గని, ఆఫీసుల పాయిష్ అంటె వాళ్లకే తెల్వదు. వాస్కో డ గామా పేరైతె రోజు వస్తది. వంతెన, మాల్, అన్నిటికి అదే పేరు. మనమేం మాట్లాడాలె అప్పుడు?

కోయింబ్రా, చరిత్రలో పీహెచ్‌డీ:
నిజమే మాట్లాడాలి. 1498లో కాలికట్ చేరాడు, గొప్ప ప్రయాణమే. 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని, ఆడవాళ్లు పిల్లలతో సహా తగలబెట్టాడు. ఇక్కడ చదువుకున్నవాళ్లకి ఇది తెలుసు. గొంతు పెంచకుండా చెప్తే వింటారు. నా గైడు విన్నారు.

అర్రోయుష్ అన్న:
మొదటి వారమే వద్దు. ముందు మనుషులు దగ్గరవ్వాలి. సల్గైరు మయా గురించి అడుగు, ఎవరైనా సంతోషంగా చెప్తారు. 1974 ఏప్రిల్ 25న సాంతరేమ్ నుంచి సైనిక కవచ వాహనాలు నడిపించుకొచ్చి, ప్రధాని తలదాచుకున్న కార్ము బ్యారక్స్ చుట్టుముట్టిన కెప్టెన్. దాదాపు నెత్తురు చిందకుండా 48 ఏళ్ల నియంతృత్వం ఆ సాయంత్రానికి పడిపోయింది. ఆ తర్వాత పదవి ఏదీ ఆశించలేదు, 1992లో క్యాన్సర్‌తో పోయాడు. మా వీధిలో రేడియో బాగుచేసే తాత ఆ రోజు కార్ము మెట్ల దగ్గర ఉన్నాడు. ఇప్పటికీ ప్రతి ఏప్రిల్‌లో ఆ రోజుకి గుర్తుగా షాపు తలుపుకి ఎర్ర కార్నేషన్ పువ్వు కడతాడు.

ఆల్మడా అక్క:
సౌజ మెంద్ష్ పేరు కూడా రాసుకో బాబూ. 1940 జూన్‌లో బోర్దోలో కాన్సుల్. సలజార్ ప్రభుత్వం వద్దని ఆదేశాలిచ్చినా, నాజీల నుంచి పారిపోతున్న వేల మందికి వీసాలు రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది, 1954లో పేదరికంలో చనిపోయాడు. 2021లో జాతీయ పాంథియోన్‌లో, అంటే దేశపు గొప్పవాళ్ల స్మారక మందిరంలో, గౌరవించారు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక స్టాంపు కోసం తెల్లవారుజామున నాలుగింటికి వరుసలో నిలబడ్డాను, చంకలో పాప. అందుకే ఒక మనిషి పగలూ రాత్రీ స్టాంపులు వేస్తూ కూర్చున్నాడంటే నాకు అది మామూలు విషయం కాదు.

సాహిత్యంలో సరమాగు. 1998 నోబెల్. చదువు మధ్యలో ఆగితే మెకానిక్ పని చేశాడు. స్టాక్‌హోమ్ ఉపన్యాసాన్ని చదవడం రాయడం రాని వాళ్ల తాతతో మొదలుపెట్టాడు. చలికాలం రాత్రుళ్లు బక్క పందిపిల్లలు చచ్చిపోకుండా తాత, అమ్మమ్మ వాటిని తమ మంచం మీద పడుకోబెట్టుకునేవాళ్లట. మా తాత ఉప్పాడలో పొదిగే కోడిని గదిలో దుప్పటి కింద పెట్టుకునేవాడు. ఆ ఉపన్యాసం చదివాక నాకు ఈ భాష మీద భయం పోయింది. లిస్బన్‌లో కాజా దుష్ బీకుష్ అనే పాత భవనం ముందు ఒక ఆలివ్ చెట్టుంది, వాళ్ల ఊరి నుంచి తెచ్చింది. ఆయన చితాభస్మం దాని కిందే ఉంది. నీకు వీలైతే వెళ్లు.

పోర్తు నుంచి:
పెసోవా సంగతి చెప్పలే ఎవ్వలు. తమ్ముడు అడిగిండు గద.

అర్రోయుష్ అన్న:
చెప్తా. కంపెనీలకి ఉత్తరాలు రాసిపెట్టే గుమాస్తా పని చేసుకుంటూ, వేర్వేరు పేర్లతో, వేర్వేరు పుట్టుకలూ స్వభావాలూ కల్పించి కవితలు రాశాడు. కయైరు, రికార్దు రేయిష్, కాంపుష్ ఒక్కొక్కరూ ఒక్కో మనిషి. 1935లో పోయాక పెట్టెలో వేల కాగితాలు దొరికాయి. షియాడులో ఒక కాఫీ హోటల్ బయట ఆయన కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది, పక్కన ఖాళీ కుర్చీ.

కొత్త సభ్యుడు, విజయవాడ:
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మొత్తం రాసుకున్నాను. ఇవాళే గది ఖరారైంది, కాంట్రాక్టు కూడా నమోదు చేస్తామన్నారు. రోడ్డు పేరు గార్సియా ద ఓర్తా. ఆయనెవరు?

కోయింబ్రా, చరిత్రలో పీహెచ్‌డీ:
ఆయన సగం మనవాడు తమ్ముడూ! వైద్యుడు. 1534లో భారతదేశానికి వచ్చి ముప్ఫై ఏళ్లకు పైగా గోవాలో ఉన్నాడు, అహ్మద్‌నగర్ నిజాంషాకి వైద్యం చేశాడు. మన మిరియాలు, ఇంగువ, మామిడి, కలరా జబ్బు, అన్నిటి గురించీ సంభాషణల రూపంలో 1563లో గోవాలోనే పుస్తకం అచ్చు వేయించాడు. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టిన యూదుల బిడ్డ. ఆయన పోయాక చెల్లెల్ని చర్చి మత విచారణ సభ కాల్చేసింది. 1580లో ఆయన ఎముకలు కూడా తవ్వి తగలబెట్టారు. ఇప్పుడు వీధికి ఆయన పేరు.

ఆల్మడా అక్క:
మా ఊళ్లో పెద్దాసుపత్రి పేరు కూడా అదే.

అర్రోయుష్ అన్న:
తమ్ముడూ, ఏ అంతస్తు? ఎడమా, కుడా? పోర్చుగల్‌లో ఇంటి నంబరు తర్వాత అంతస్తు, ఆ తర్వాత ఎడమో కుడో రాయాలి. ఏడంకెల పిన్‌కోడ్ పూర్తిగా రాయి. ఫారం నింపేముందు కిందికి దిగి, గోడ మీద పలక చూసి అక్షరం అక్షరం అలాగే దించుకో. ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఇచ్చేముందు నేను ఒకసారి చూస్తాను.