ప్యాంటు 34 అయితే నడుము బెల్టు ఏ సైజు తీసుకోవాలి?

కుర్చీలో_కుదురు:
అందరికీ నమస్తే. రెండు వారాల కింద వాషింగ్ మెషిన్ పక్కకి జరుపుతూ వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను, నడుం పట్టేసింది. డాక్టర్ చూసి కండరం పట్టింది అంతే, కాళ్లలోకి ఏమీ దిగలేదు కాబట్టి స్కాన్ అక్కర్లేదు అన్నారు. మాత్రలు రాసి, కావాలంటే కొన్నాళ్లు ఎల్ఎస్ బెల్టు (లంబో సాక్రల్, అంటే నడుం కింది భాగానికి ఆసరాగా కట్టేది) పెట్టుకోండి అని పంపేశారు. సైజు ఏంటో ఆయన చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు.

నా ప్యాంటు 34 కదా అని ఆన్‌లైన్‌లో మీడియం తెప్పించా, డబ్బా మీద 32 నుంచి 36 అంగుళాలు అని ఉంది. తీరా పెట్టుకుంటే వెల్క్రో కొసకి కొస అంటుకుంటోంది. కూర్చోగానే పై అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది, లేచేసరికి బెల్టు మొత్తం పైకి ఎక్కి మడత పడిపోతోంది. సాయంత్రానికి ఊపిరి ఆడనట్టు ఉంటోంది. ఇది సైజు తప్పా, రకం తప్పా, లేక బెల్టులన్నీ ఇంతేనా? వెతికితే భుజాల మీదుగా వచ్చేవి, సన్నగా తుంటికి కట్టేవి, జిమ్‌లో వాడే తోలువి, ఇలా బోలెడు కనిపిస్తున్నాయి, చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

గోడౌన్_బాబాయ్:
తమ్ముడూ, ప్యాంటు సైజు చూసి కొన్నావు చూడు, అక్కడే దెబ్బ తిన్నావు. ప్యాంటు మనం బొడ్డు కింద, పొట్ట కిందకి దించి కడతాం. బెల్టు వచ్చేది పొట్ట మీదకి. పైగా ప్యాంటు మీద 34 అని రాసి ఉన్నా టేపు పెడితే 36 వచ్చే కంపెనీలు ఉన్నాయి, మనం సన్నగా ఉన్నామని మనకి సంతోషం, వాళ్లకి అమ్మకం.

టేపు బొడ్డు మీదుగా చుట్టూ తిప్పి కొలుచుకో. టేపు లేకపోతే ఏదైనా తాడు తిప్పి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, తర్వాత స్కేలు పక్కన పరిచి చూసుకో. పొట్ట లోపలికి లాగకు! నేనూ మొదటిసారి అలాగే లాగి కొలిచి, 3 అంగుళాలు తక్కువ రాసుకుని, బెల్టు వచ్చాక తల పట్టుకున్నా.

ఫిజియో_పక్కింటాయన:
ఫిజియోథెరపీ నా పని, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

బాబాయ్ గారు చెప్పిన కొలత సరైనదే. నిలబడి, మామూలుగా గాలి వదిలి, పల్చటి బనీను మీద కొలవండి, టేపు ఒంటికి ఆనాలి గానీ బిగుసుకోకూడదు. కొన్ని కంపెనీలు తుంటి దగ్గర కొలత అడుగుతాయి, అందుకని ముందు వాళ్ల చార్టు చదివి తర్వాత టేపు పట్టుకోండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్ అయి కూర్చుంటుంది, అక్షరం చూడకండి, అంగుళాలు చూడండి. చార్టు సెంటీమీటర్లలో ఉంటే మీ అంగుళాలని 2.54తో గుణించుకోండి.

చుట్టుకొలత ఒక్కటే కాదు, బెల్టు ఎత్తు కూడా చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎల్ఎస్ బెల్టు వెనక భాగం 8 నుంచి 10 అంగుళాలు దాకా ఉంటుంది. మీ మొండెం పొట్టిగా ఉంటే కూర్చున్నప్పుడు పై అంచు పక్కటెముకల్ని, కింది అంచు తొడల్ని గుచ్చుతుంది, మధ్యలో ఇరుక్కున్న బెల్టుకి పైకి ఎక్కడం తప్ప వేరే దారి లేదు. అలాంటివాళ్లు వెనక వెడల్పుగా, ముందు సన్నగా ఉండేది తీసుకోవాలి. కొన్నాక కుర్చీలో ఒకసారి కూర్చుని చూడకుండా ట్యాగు తెంపకండి.

మీరు కట్టే పద్ధతి కూడా అనుమానమే. పడుకుని గానీ నిలబడి గానీ కట్టండి, కూర్చుని కట్టకండి. లోపల నిలువుగా బద్దలు ఉంటాయి కదా, అవి వెన్నెముకకి అటు రెండు ఇటు రెండు సమానంగా రావాలి, వెన్నుపూస మీద కాదు. అవి లోహపువైతే చేత్తో కొద్దిగా వంచి మీ నడుం వంపుకి సరిపెట్టుకోవచ్చు. కింది అంచు తుంటి ఎముకల మీద కూర్చునేలా ముందు కింద బిగించి, తర్వాత పక్క పట్టీలు రెండూ ఒకేసారి ముందుకి లాగండి. బిగించాక రెండు వేళ్లు దూరాలి, నిండా గాలి పీల్చగలగాలి. వెల్క్రో ఒకదాని మీద ఒకటి కనీసం అరచేతి వెడల్పు ఎక్కాలి, మీరన్నట్టు కొసకి కొస అయితే అది చిన్నదే, సందేహం లేదు.

రకాల సంగతి. భుజాల మీదుగా పైదాకా వచ్చేవి వెన్నెముక విరిగినప్పుడో, ఆపరేషన్ తర్వాతో డాక్టర్ రాస్తే వాడేవి, మీకు సంబంధం లేదు. భుజాలని వెనక్కి లాగే పోశ్చర్ పట్టీలు చాలావరకు నడుము దాకా రావు. జిమ్ బెల్టు బరువు ఎత్తే ఆ కొన్ని సెకన్లు పొట్టలో ఒత్తిడి నిలబెట్టడానికి, దాంతో ఆఫీసులో కూర్చుంటే నరకం. మీకు మామూలు ఎల్ఎస్ బెల్టే చాలు.

టేపు_తీసుకో:
ఇంకొకటి కలుపుతా. అబ్డామినల్ బెల్టు, ఎల్ఎస్ బెల్టు ఒకేలా కనిపిస్తాయి, మా ఇంట్లో మా అత్తయ్యకి నడుం నొప్పి అని తెచ్చింది మూడు నెలలు కట్టుకున్నాక తెలిసింది అది పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు కట్టుకునేదని. వెనక చేత్తో తడిమి చూడండి, గట్టిగా నిలువు బద్దలు తగలాలి. అంతా మెత్తగా సాగే గుడ్డే అయితే అది పొట్టది.

సగం_నమ్మకం:
అందరూ సైజు చెప్తున్నారు సరే, అసలు పని చేస్తుందా అన్నది ఎవరూ అడగట్లేదు. అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధించే నయాష్ సంస్థ 1994లోనే, నొప్పి లేనివాళ్లకి బెల్టు కడితే దెబ్బ తగలకుండా ఆగుతుందనడానికి ఆధారాలు చాలవని చెప్పింది. తర్వాత 160 కొత్త దుకాణాల్లో 9 వేలకి పైగా పనివాళ్లని గమనించి 2000లో అచ్చేసిన అధ్యయనంలో కూడా, రోజూ కట్టుకున్నవాళ్లకీ కట్టుకోనివాళ్లకీ నడుం నొప్పిలో తేడా కనపడలేదు. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సలహాలు రాసే నైస్ సంస్థ మార్గదర్శకాలు 2016లో నడుం నొప్పికి బెల్టులు ఇవ్వొద్దనే రాశాయి. నేను వాడొద్దనట్లేదు, దాని మీదే ఆశ పెట్టుకోకండి అంటున్నా.

గోడౌన్_బాబాయ్:
ఆ అధ్యయనాల సంగతి నాకు తెలీదు బాబూ, కానీ మా దగ్గర కుర్రాళ్లు బెల్టు ఉంది కదా అని మామూలుకన్నా పెద్ద పెట్టె ఎత్తడం కళ్లారా చూశా. ఆ ధైర్యమే కొంప ముంచేది. నాకైతే అది కట్టుకుంటే వంగబోతుంటే పొట్టలో గుచ్చుకుని, మోకాళ్లు వంచరా అని గుర్తు చేస్తుంది, అంతవరకు మేలు.

ఫిజియో_పక్కింటాయన:
సగం నమ్మకం గారు చెప్పింది నేనూ ఒప్పుకుంటా. నొప్పిగా ఉన్న మొదటి రోజుల్లో ఎక్కువసేపు నిలబడాల్సినప్పుడు, ప్రయాణంలో, గంటో రెండు గంటలో కడితే కదలడానికి ధైర్యం వస్తుంది, దాని ఉపయోగం అంతే. కదలడమే మందు. ఖాళీగా ఉన్నప్పుడు, నిద్రపోయేటప్పుడు తీసేయాలి. నొప్పి తగ్గేకొద్దీ రోజూ కొంత సమయం తగ్గించుకుంటూ పోండి.

హెర్నియా, ఎక్కువ బీపీ, ఛాతీలో మంట ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా బిగించకండి, పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. కాలు తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, వీటిలో ఏది కనిపించినా బెల్టు సైజు గురించి ఆలోచించకండి, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

ఏడో_నెల:
అండీ, మధ్యలో దూరుతున్నా, నాకు ఏడో నెల. నొప్పి నడుం మధ్యలో కాదు, పిరుదుల పైన రెండు గుంటలు పడతాయి కదా, అక్కడ. ఈ ఎల్ఎస్ బెల్టే కట్టుకోవచ్చా?

ఫిజియో_పక్కింటాయన:
వద్దమ్మా, పొట్ట మీద బిగించేది ఏదీ ఇప్పుడు కట్టుకోకండి. మీరు చెప్పే చోటు ఎస్ఐ కీలు, అంటే వెన్నెముక అడుగు భాగం తుంటి ఎముకతో కలిసే చోటు. దానికి వేరే సన్నటి పట్టీ ఉంటుంది, పొట్ట కింద నుంచి తుంటి చుట్టూ వస్తుంది. దాని కొలత కూడా బొడ్డు దగ్గర కాదు, తుంటి దగ్గరే. ముందు మీ డాక్టరమ్మకి ఒకసారి చూపించి అప్పుడు తీసుకోండి.

కుర్చీలో_కుదురు:
తాడుతో కొలిచా బాబాయ్. 38 అంగుళాల మీద ఇంకో అర! ముందు నమ్మలేక మళ్లీ కొలిచా, అప్పుడూ అంతే. మా ఆవిడ పక్కన నిలబడి ఒకటే నవ్వు.

మీడియం వెనక్కి పంపి, 36 నుంచి 40 అని రాసిన లార్జ్, ముందు సన్నగా ఉండేది తెప్పించా. నిన్న వచ్చింది. కింద ముందు బిగించి, తర్వాత పట్టీలు లాగి, కుర్చీలో పావుగంట కూర్చున్నా, పైకి ఎక్కలేదు, ఎముకల్లో గుచ్చుకోలేదు. కాకపోతే చెమటకి నడుం దగ్గర ఎర్రగా దద్దుర్లు వచ్చాయి, ఒంటి మీద నేరుగా కట్టా మరి. దీన్ని ఉతకొచ్చా?

టేపు_తీసుకో:
బద్దలు బయటికి లాగి, వెల్క్రో మూసేసి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి, పిండకండి, నీడలో ఆరేయండి. వెల్క్రో తెరిచి ఉంచితే పక్క బట్టల దారాలన్నీ దాన్లోనే చిక్కుకుంటాయి, నాకో చీర అలాగే పోయింది. ఇక నుంచి బనీను మీద కట్టుకోండి.