బీజెడ్‌సీనా, మైక్రోబయాలజీనా? డిగ్రీలో ఏ కాంబినేషన్ పెట్టాలి

సూర్యాపేట నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో వచ్చిన ర్యాంకుకి ఎంబీబీఎస్ సీటు రాదు. లాంగ్ టర్మ్ అంటే తను ఒప్పుకోవడం లేదు, నేనూ బలవంతం చేయదలచుకోలేదు. ఇప్పుడు దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న ఎంజెడ్‌సీ మొదటి ఆప్షన్‌గా పెట్టమని అమ్మాయి పట్టు. మా బావగారు గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఆయనది ఒకటే మాట: "బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న బీజెడ్‌సీ పెట్టు, తర్వాత బీఈడీ చేయించు, ఆడపిల్లకి నీడపట్టున ఉండే ఉద్యోగం." ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నేను కామర్స్ చదివినవాణ్ని, ఎవరికి ఓటెయ్యాలో తెలియడం లేదు. ఈ లైనులో ఉన్నవాళ్లు చెప్పండి.

బయాలజీ మాస్టారు
మీ బావగారి మాటే నా మాట. తెలంగాణ ఇంటర్‌లో ఇప్పటికీ బోటనీ, జువాలజీ వేరువేరు సబ్జెక్టులు. అంటే బైపీసీ ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఆ రెండింటికీ లెక్చరర్ పోస్టులుంటాయి. తెలంగాణలో 2022 డిసెంబరులో 1,392 జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ ఇంటర్‌లో సబ్జెక్టులే కావు కాబట్టి ఆ ఎమ్మెస్సీలు చేసినవాళ్లకు అందులో చోటు లేదు. సివిల్స్‌లో ఆప్షనల్‌గా బోటనీ ఉంది, జువాలజీ ఉంది, ఈ కొత్త సబ్జెక్టులు లేవు. ఫారెస్ట్ సర్వీసుకైతే అర్హత దగ్గరే అడుగుతారు: డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటి వాళ్లు చెప్పిన సబ్జెక్టుల్లో కనీసం ఒకటి ఉండాలి. ఆ జాబితాలో మైక్రోబయాలజీ పేరు వెతికినా దొరకదు. పాత చింతకాయ పచ్చడి అని మీరు అనుకుంటున్న బీజెడ్‌సీకి ఇన్ని తలుపులున్నాయి.

క్యూసీ నైట్ షిఫ్ట్
మాస్టారూ, ఒక్క నిమిషం. అంకుల్ అడుగుతున్నది ఎంజెడ్‌సీ గురించి. అందులో జువాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది. ఫారెస్ట్ సర్వీసు తలుపు ఎక్కడ మూసుకుపోయింది? జువాలజీ ఎమ్మెస్సీ చేస్తే జేఎల్ జువాలజీకి రాసుకోవచ్చు. పోయేది బోటనీ ఒక్కటే.

నేను ఎంజెడ్‌సీ చదివి, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో క్యూసీ మైక్రోలో, అంటే మందులో సూక్ష్మజీవులు లేవని పరీక్షించే విభాగంలో ఉన్నాను. పని ఎలా ఉంటుందో చెప్తాను, అమ్మాయికి చూపించండి. తల నుంచి కాలి దాకా స్టెరైల్ గౌను వేసుకుని, గాగుల్స్ పెట్టుకుని ఫిల్లింగ్ ఏరియాలోకి వెళ్తాం. లైను పక్కన మీడియా (సూక్ష్మజీవులు పెరిగే ఆహారం) పోసిన పెట్రి ప్లేటు మూత తీసి పెడతాం. నాలుగు గంటలకు మించి ఉంచం, అప్పటికి మీడియా ఎండిపోతుంది. తర్వాత ఇంక్యుబేటర్‌లో పెట్టి కాలనీలు (పెరిగిన సూక్ష్మజీవుల గుంపులు) లెక్కపెడతాం. మందు నేరుగా గాలికి తగిలే చోట పెట్టిన ప్లేటులో ఒక్క కాలనీ వచ్చినా పెద్ద విచారణే: ఎవరు లోపలికి వెళ్లారు, గ్లవ్స్ ఎప్పుడు మార్చారు, ఏ క్లీనింగ్ ఏజెంట్ వాడారు, అన్నీ తవ్వుతారు. స్టెరిలిటీ టెస్టుకి 14 రోజులు ఆగాలి. ఓపిక, రికార్డు రాసే శ్రద్ధ ఉన్నవాళ్లకు ఇది మంచి పని. లేనివాళ్లకు నరకం.

ఇంటర్వ్యూలో నన్ను గ్రామ్ స్టెయినింగ్ (బ్యాక్టీరియాకి రంగులేసి పాజిటివ్, నెగటివ్ అని విడదీసే పద్ధతి) వరసగా చెప్పమన్నారు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. ఇది ఎవరైనా బట్టీపట్టి చెప్తారు. ఆ తర్వాత "ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుంది?" అన్నారు. గ్రామ్ పాజిటివ్ కూడా రంగు కోల్పోయి నెగటివ్‌లా ఎర్రగా కనిపిస్తుంది. సొంత చేత్తో స్లైడు పాడుచేసుకున్నవాళ్లకే అది వెంటనే తడుతుంది. నాతో పాటు వచ్చిన ఒకమ్మాయి మైక్రోబయాలజీలో మంచి మార్కులతో పాసైంది, కానీ వాళ్ల కాలేజీలో ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) ఎప్పుడూ ఆన్ చేయలేదట. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

బయాలజీ మాస్టారు
ఎంజెడ్‌సీలో జువాలజీ ఉందన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ స్కూల్ అసిస్టెంట్ బయాలజీ మాటేమిటి? ప్రతి డీఎస్సీలోనూ అర్హత పేరా దగ్గర ఏ సబ్జెక్టు చెల్లుతుంది, ఏది చెల్లదు అని తగువే. మెమోలో బోటనీ, జువాలజీ రెండూ ఉన్నవాడు ఏ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

బోడుప్పల్ బైపీసీ
డీఎస్సీ పేరు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా సార్. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ టీచర్ల భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులతో. ఆంధ్రాలో 2018 తర్వాత 2025లో, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ. ఏడేళ్లు! 2018లో బీఈడీ పట్టా చేతికొచ్చినవాడు ఈలోపు ఏం చేయాలి? ప్రైవేటు స్కూల్లో వాళ్లిచ్చిన జీతానికి పాఠం చెప్పుకుంటూ, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి కోచింగ్ మెటీరియల్. మా అన్న కథే ఇది. నీడపట్టు అంటే అందరికీ మీ బావగారి నీడ కనిపిస్తుంది, దాని కోసం బయట ఎండలో నిలబడ్డవాళ్లు కనిపించరు.

బయాలజీ మాస్టారు
ప్రైవేటు కంపెనీలో ఏడేళ్లు ఉద్యోగం నిలుస్తుందని గ్యారంటీ ఎవరిచ్చారు తమ్ముడూ?

బోడుప్పల్ బైపీసీ
ఎవరూ ఇవ్వలేదు. కానీ ఏడేళ్ల అనుభవం పట్టుకుని పక్క కంపెనీకి వెళ్లొచ్చు. ఏడేళ్ల ప్రిపరేషన్ పట్టుకుని ఎక్కడికి వెళ్తాం?

అమీర్‌పేట కోడర్
ఇంత రభస అవసరమా? ఏ లైఫ్ సైన్సెస్ డిగ్రీ అయినా చేసి మెడికల్ కోడింగ్ నేర్చుకోండి. సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం, ఏసీ గది, అవసరమైతే ఇంటి నుంచి పని.

క్యూసీ నైట్ షిఫ్ట్
అన్నా, రోగి రికార్డు చదివి ఐసీడీ కోడ్ (జబ్బుకి ఇచ్చే అంతర్జాతీయ కోడ్) వేయడానికి మూడేళ్లు బ్యాక్టీరియాని పెంచడం ఎందుకు? అమ్మాయికి మైక్రోబయాలజీ ఇష్టమని కదా ప్రశ్న మొదలైంది.

బెంగళూరు పీహెచ్‌డీ
నేను తార్నాకలో పుట్టి పెరిగినవాణ్ని. ఒకవైపు ఎన్ఐఎన్, ఇంకోవైపు ఐఐసీటీ, కాస్త ముందుకెళ్తే సీసీఎంబీ, అన్నీ కేంద్ర పరిశోధన సంస్థలే. ఆ గేట్ల ముందు నుంచే స్కూలుకెళ్లి కూడా, లోపలికి దారి ఏమిటో డిగ్రీ ఫైనలియర్ దాకా నాకెవరూ చెప్పలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు బీజెడ్‌సీ, ఎంజెడ్‌సీ గొడవ పెద్ద విషయమే కాదు. సీఎస్ఐఆర్ నెట్‌లో (రీసెర్చ్ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్షలో) లైఫ్ సైన్సెస్ అని ఒకటే పేపరు. బోటనీ వాళ్లూ, మైక్రో వాళ్లూ, బయోకెమిస్ట్రీ వాళ్లూ అందరూ దాన్నే రాస్తారు. గేట్‌లో లైఫ్ సైన్సెస్ వాళ్లకుండే ఎక్స్‌ఎల్ పేపరు తీసుకుంటే కెమిస్ట్రీ తప్పనిసరి. దాని పైన బయోకెమిస్ట్రీ, బోటనీ, మైక్రోబయాలజీ, జువాలజీ, ఫుడ్ టెక్నాలజీలో ఏవైనా రెండు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి రాసే జామ్ పేపరులో బయాలజీతో పాటు ఇంటర్ స్థాయి కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు కూడా ఉంటాయి. లెక్కల పీడ వదిలిందని బైపీసీలో చేరిన మనవాళ్లు అక్కడే బోల్తా కొడతారు.

కాబట్టి నేను చూసేది ఒకటే: కాంబినేషన్‌లో కెమిస్ట్రీ ఉందా లేదా. ఇప్పుడు కెమిస్ట్రీ తీసేసి కంప్యూటర్ అప్లికేషన్స్ పెట్టిన కాంబినేషన్లు కూడా దోస్త్‌లో కనిపిస్తున్నాయి. వినడానికి బాగుంటాయి. పైథాన్ సెలవుల్లో సొంతంగా నేర్చుకోవచ్చు, ఆర్గానిక్ కెమిస్ట్రీని అలా నేర్చుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఇంకో మాట. ఎమ్మెస్సీ బోటనీలో చేరాలంటే డిగ్రీలో బోటనీ ఉండాలి. మిగతా ఎమ్మెస్సీలకు ఏయే సబ్జెక్టులు అడుగుతున్నారో సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) బ్రోచర్‌లో ఉంటుంది. మూడేళ్ల తర్వాత చూసే కాగితం అది అనుకుంటారు అందరూ. ఆప్షన్లు పెట్టే ముందే చూడాలి.

గుంటూరు అమ్మ
మీకు తెలంగాణలో మూడు సబ్జెక్టులన్నా ఉన్నాయండీ. మాకు 2023–24లో సింగిల్ మేజర్ తెచ్చారు. మా అబ్బాయి ఆ బ్యాచే. మేజర్ ఒకటి, పక్కన మైనర్ ఒకటి. పదిహేడేళ్ల పిల్లాడు మొదటి రోజే "నేను జువాలజీ మనిషిని" అని తేల్చుకోవాలట! బోటనీ మైనర్‌గా ఇప్పించడానికి ప్రిన్సిపాల్ గది ముందు ఎంతసేపు కూర్చున్నానో. చేరేవాళ్లు తక్కువని కొన్ని కాలేజీల్లో బోటనీ మేజరే నడపడం లేదు. ఇష్టం సంగతి తర్వాత, మీరు పెట్టే కాలేజీలో ఆ సబ్జెక్టుకి పర్మనెంట్ లెక్చరర్ ఉన్నారో లేదో ముందు కనుక్కోండి.

భీమవరం ల్యాబ్
అందరూ మందుల కంపెనీలూ, స్కూళ్లూ అంటున్నారండి. మా వైపు కూడా ఒకసారి చూడండి. 2009లో వనామీ రకం రొయ్య వచ్చిన తర్వాత గోదావరి జిల్లాల్లో చెరువు పక్కన చెరువు. రొయ్య ఉన్నచోట రోగం ఉంటుంది, రోగం ఉన్నచోట ల్యాబ్ ఉంటుంది. నేను జువాలజీ ఎమ్మెస్సీ. హ్యాచరీ నుంచి సీడ్ వస్తే రైతు ముందు మా దగ్గరికే తెస్తాడు. ఆ రొయ్య పిల్లలని పీసీఆర్‌లో (జన్యుపదార్థాన్ని బట్టి రోగాన్ని పట్టే పరీక్షలో) పెట్టి తెల్లమచ్చల వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉన్నాయో లేవో చూస్తాం. ఉప్పు తగ్గించిన నీళ్లలో వేసి ఎన్ని తట్టుకుంటున్నాయో లెక్కపెడతాం. చెరువు నీళ్లు టీసీబీఎస్ మీడియా ప్లేటు మీద వేస్తే విబ్రియో అనే బ్యాక్టీరియా పసుపు కాలనీలు, పచ్చ కాలనీలుగా వస్తుంది. పచ్చవి పెరిగితే రోగం భయంతో రైతు ముఖం మారిపోద్ది. డిగ్రీ గడప తొక్కని రైతులు కూడా "గ్రీన్ కాలనీ ఎంతొచ్చింది?" అని ఫోన్లో అడుగుతారు.

ఇక్కడ జువాలజీ కావాలి, మైక్రోబయాలజీ కూడా కావాలి. అమ్మాయి అడుగుతున్న ఎంజెడ్‌సీలో రెండూ ఉన్నాయి. అయితే సూర్యాపేట నుంచి వచ్చి చెరువుల మధ్య ఉంటుందా అనేది వేరే ప్రశ్న. సీజన్‌లో తెల్లవారుజామునే శాంపిల్స్ వస్తాయి, పంట పోతే ఫీజు బాకీ పడుతుంది. అది కూడా చెప్పాలి కదండి.

సూర్యాపేట నాన్న
చాలా థ్యాంక్స్ అండీ. ఇన్ని సంగతులు నాకు తెలియవు. ఒక సందేహం. మాకు దగ్గర్లో ఎంజెడ్‌సీ ఉన్నవి ప్రైవేటు కాలేజీలే. బీజెడ్‌సీ అయితే గవర్నమెంటు కాలేజీలో దొరుకుతుంది. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ బాగుందో లేదో నా బోటివాడు చూసి ఎలా చెప్పగలడు? అద్దాల తలుపులు, బోర్డులు అన్నిచోట్లా మెరుస్తున్నాయి.

క్యూసీ నైట్ షిఫ్ట్
తేలికే అంకుల్. క్లాసులు జరిగే రోజున వెళ్లండి. ఇంక్యుబేటర్ తలుపు తీయమనండి. లోపల పేరు, తేదీ రాసిన ప్లేట్లు ఉంటే అది నడుస్తున్న ల్యాబ్. ఖాళీగా, కొత్తగా ఉంటే ఫోటోల కోసం కొన్నది. సెకండియర్ పిల్లలు కనిపిస్తే, లూప్ తీగ కాల్చి స్ట్రీకింగ్ (బ్యాక్టీరియాని ప్లేటు మీద గీతలుగా పరచడం) ఒక్కొక్కరూ చేస్తారా, సార్ చేస్తుంటే చుట్టూ నిలబడి చూస్తారా అని అడగండి. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ ఉన్న మైక్రోస్కోపులు ఎన్నో లెక్కపెట్టండి. బ్యాక్టీరియా చూడాలంటే అదే ఉండాలి. క్లాసులో అరవై మంది, అలాంటి మైక్రోస్కోప్ ఒకటే అయితే, ఫీజు కట్టి క్యూలో నిలబడటమే.

బయాలజీ మాస్టారు
ఈ క్యూసీ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ అదే అంటున్నాను: ల్యాబ్ లేని మైక్రోబయాలజీ కన్నా మంచి లెక్చరర్లున్న గవర్నమెంటు కాలేజీ బీజెడ్‌సీ మేలు. బోటనీలోనూ బ్యాక్టీరియా, వైరస్‌లు, ఫంగస్ పాఠాలున్నాయి. అక్కడ పునాది వేసుకుని ఎమ్మెస్సీలో దారి మార్చుకోవచ్చు.

బెంగళూరు పీహెచ్‌డీ
ఈ ఒక్కదాంట్లో మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. బీఈడీ విషయంలో మాత్రం కాదు.

సూర్యాపేట అమ్మాయి
నేనే ఆ అమ్మాయిని. నాన్న ఫోన్లో ఇదంతా చదివాను. మామయ్యకి కూడా చదివి వినిపించాను, ఆయన బయాలజీ మాస్టారి పోస్టులు మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. భీమవరం సార్, రొయ్యలకొచ్చే రోగాల మీద ఎమ్మెస్సీ తర్వాత రీసెర్చ్ చేయొచ్చా? దానికి జువాలజీ వైపు వెళ్లాలా, మైక్రోబయాలజీ వైపా? క్యూసీ అక్కా, నైట్ షిఫ్ట్ ఆడపిల్లలకి తప్పనిసరా?

భీమవరం ల్యాబ్
చేయొచ్చమ్మా. చెన్నైలో సీబా అని ఉప్పునీటి ఆక్వాకల్చర్ మీదే పనిచేసే కేంద్ర సంస్థ ఉంది. రొయ్యల రోగాల మీద అక్కడ ఎప్పటినుంచో పని జరుగుతోంది. జువాలజీ వాళ్లూ, మైక్రో వాళ్లూ, ఫిషరీస్ వాళ్లూ అందరూ ఈ రంగంలో ఉన్నారు. నన్నడిగితే డిగ్రీలో రెండూ చదువు, ఎమ్మెస్సీ అప్పుడు చూసుకో.

క్యూసీ నైట్ షిఫ్ట్
కంపెనీని బట్టి ఉంటుందమ్మా. కొన్నిచోట్ల అమ్మాయిలకి జనరల్ షిఫ్టే. నేను నైట్ అడిగి తీసుకున్నాను, పగలు ఎమ్మెస్సీ తర్వాతి పరీక్షలకు చదువుకోవడానికి. కంపెనీ బస్సు ఇంటి సందు చివర దించుతుంది.

బయాలజీ మాస్టారు
అమ్మాయీ, ల్యాబ్ చూశాక బాగుంటే ఎంజెడ్‌సీ మొదట పెట్టుకో, నేనేం అడ్డం పడను. రెండో ఆప్షన్ మాత్రం గవర్నమెంటు కాలేజీ బీజెడ్‌సీయే ఉండాలి. ఫీజు చూసి చివరి నిమిషంలో వరస తారుమారు చేయకండి. మీ మామయ్యని నాకొకసారి ఫోన్ చేయమను, బీఈడీ సంగతి మేమిద్దరం మాట్లాడుకుంటాం.