అప్‌డేట్: తుమ్మలపెంట తీరం, తెల్లని లైట్‌హౌస్

కావలి దగ్గరి తుమ్మలపెంట తీరాన ఊహించిన తెల్లని, గుండ్రని లైట్‌హౌస్ బొమ్మను ఆక్రిలిక్ రంగుల్లో వేస్తుంటే ఆకాశంలో కుంచె చారలు పడుతున్నాయని, స్తంభం అట్టముక్క అతికించినట్టు చదునుగా ఉందని గతంలో అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చారలకు కారణం మా ఎండ వేడి, నెత్తిన తిరిగే ఫ్యాను; వాటివల్ల రంగు మరీ త్వరగా ఆరిపోతోంది. ఫ్యాను ఆపి, కాన్వాసును ముందుగా తడిపి, రంగులో కొద్దిగా రిటార్డర్ (రంగు నెమ్మదిగా ఆరేలా చేసేది) కలిపి వెడల్పాటి కుంచెతో అడ్డంగా వేయగానే అవి పోయాయి. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కనుక ఆకాశాన్ని అనుకున్నదానికన్నా లేతగా కలిపాను.

అయితే నాకు నిజంగా కళ్లు తెరిపించింది, వెలుగు ఎటునుంచి వస్తోందని మీలో ఒకరు వేసిన ప్రశ్న. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు కనుక, ఒడ్డున నిలబడి సముద్రంవైపు చూసేవారికి ఉదయం స్తంభం నీడవైపే కనిపిస్తుంది. నేనేమో దాన్నంతా తెలుపుతో నింపాను. ఇప్పుడు అల్ట్రామెరైన్ (ముదురు నీలం)లో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), తెలుపు కలిపిన నీలిబూడిద రంగును పలుచని పొరలుగా వేసి, అచ్చమైన తెలుపును వెలుగు తాకే సన్నని అంచుకే ఉంచాను. స్తంభానికి గుండ్రదనం వచ్చింది.

అలల నురగ మాత్రం ఇంకా సున్నం చల్లినట్టే ఉంది. దానికీ ఈ నీడరంగునే ముందు వేసి చూస్తాను.