"మ్లేచ్ఛా హి యవనాః": హి-నా, అపి-నా?

కడప శ్రోత: ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మా అయ్యవారు ఒక శ్లోకం ఎత్తుకున్నారు. మైకు కీచుమనేసరికి సగంలో వదిలేశారు. "మ్లేచ్ఛా అపి యవనాస్తేషు" అని మొదలు, తర్వాత "ఋషివత్" ఏదో. అప్పట్నుంచి నోట్లో నానుతోంది. వరాహమిహిరుడిదే కదా?

గుత్తి సార్: బృహత్సంహిత, రెండో అధ్యాయం. "మ్లేచ్ఛా హి యవనాస్తేషు సమ్యక్ శాస్త్రమిదం స్థితమ్ / ఋషివత్తేఽపి పూజ్యంతే కిం పునర్దైవవిద్ద్విజః". యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే (పరాయివాళ్లే) కదా, అయినా ఈ శాస్త్రం వాళ్లలో బాగా నిలిచింది; వాళ్లు కూడా ఋషుల్లా పూజలందుకుంటారు, ఇక జ్యోతిషం తెలిసిన ద్విజుడి సంగతి చెప్పాలా అని. 'హి' అంటే 'కదా', 'అపి' అంటే 'అయినా, కూడా'. పాదానికి ఎనిమిది అక్షరాలుండాలి; 'అపి' పెట్టి వేళ్లు మడిచి చూడండి, తొమ్మిదొస్తాయి.

ప్రొద్దుటూరు పంచాంగం: లెక్క సరే సార్. 'మ్లేచ్ఛులే కదా' అని ముందు కిందికి నెట్టి, ఆ తర్వాత పీట వేశాడు. భావంలో అయ్యవారి 'అపి' ఉన్నట్టే.

గుత్తి సార్: 'అపి' మూడో పాదంలో ఉంది. ఒకే మాట రెండుసార్లు ఎందుకు ఖర్చు పెడతాడు?

ఆదోని అక్క: "కిం పునః" వదిలేశారే! వాళ్లకే ఇంత మర్యాదైతే జ్యోతిషం తెలిసిన ద్విజుడికి ఎంతుండాలి అంటున్నాడు. పొగడ్త యవనులకి, సంభావన ఇంటివాళ్లకి.

ప్రొద్దుటూరు పంచాంగం: హోర, కేంద్రం, ద్రేక్కాణం గ్రీకువే కదక్కా. ఈ వరాహమిహిరుడి బృహజ్జాతకంలోనే మేష వృషభాలకి క్రియ, తావురి అని పేర్లు. నేను రోజూ శుక్రహోర చూసి ముహూర్తం చెప్తా, ఒక్కరూ మ్లేచ్ఛ మాటని లేచిపోలేదు.

అనంతపురం తమ్ముడు: సంస్కృత వ్యాకరణపు క్రియామూలాల పట్టిక ధాతుపాఠంలో "మ్లేచ్ఛ అవ్యక్తే శబ్దే". ముద్దగా పలకడమే నేరం. పతంజలి వ్యాకరణం మహాభాష్యంలో అసురులు "హే అరయః" (ఓ శత్రువులారా) అనబోయి "హేలయః" అన్నారు, ఓడిపోయారు. ర బదులు ల, అంతే.

గుత్తి సార్: అదే కథ శతపథ బ్రాహ్మణంలో "హేలవః". య కాదు, వ.

అనంతపురం తమ్ముడు: మళ్లీ అక్షరం దగ్గరికే! ఆ లెక్కన ఒడిశా ధౌళి శాసనంలో 'రాజా' బదులు 'లాజా' అని చెక్కించిన అశోకుడూ మ్లేచ్ఛుడే.

గుత్తి సార్: ఆయన పదమూడో శాసనం మా పక్కన ఎర్రగుడి బండల మీదా ఉంది. అందులో అంతియోకుడనే గ్రీకు రాజు 'యోన' (యవన) రాజు. మ్లేచ్ఛ అన్న ఊసే లేదు.

కర్నూలు అన్న: మా రాయలకి 'యవనరాజ్యస్థాపనాచార్య' బిరుదు. అప్పటికి యవనులంటే సుల్తానులు. ఆముక్తమాల్యదలో చూడండి, ఏనుగులు, మంచి గుర్రాలు తెచ్చే పరదేశి వర్తకులకి ఊళ్లిచ్చి, ఇళ్లిచ్చి దగ్గర చేసుకోమంటాడు, అవి శత్రువుకి చేరకుండా. కవి రాజైతే పద్యంలో గుర్రపు వాసన కూడా వస్తుంది!

కడప శ్రోత: మరి మా బ్రౌన్ దొర? 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడు. బంగళా ఉన్న చోటే ఇప్పుడు లైబ్రరీ. గేటు మీద "ఋషివత్తేఽపి" అని రాయొచ్చు.

ఆదోని అక్క: ఆ 'అపి' తీసేసి రాయండి.

గుత్తి సార్: తీస్తే పాదంలో ఏడే మిగుల్తాయమ్మా.